నేను వదిలేసిన షాఫ్టు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. నా కోపమంతా మనుషుల మీదే. అందరికంటే ముందు నా మీద.

కోలారులో ఒక ఆఫీసులో పటాలు గీసే పని నాది. పుట్టి పెరిగింది కేజీఎఫ్‌లో, గని కార్మికుల లైను ఇంట్లో. పదేళ్ళ కిందట గనుల ప్రాంతపు పాత సర్వే పటం చిరిగిపోతోందని నాచేత కొత్తగా గీయించారు. పలక కప్పి మూసేసిన చిన్న షాఫ్టులు వద్దు, గజిబిజిగా ఉంటుందన్నాడు అప్పటి ఆఫీసరు. షాఫ్టు అంటే గనిలోకి దిగే నిలువు బావి. మా నాయన ఇరవై ఏళ్ళు దిగిన షాఫ్టును కూడా నోరు మూసుకుని వదిలేశాను. పాత పటాన్ని చెత్తలో వేశారు.

పోయిన ఏడాది సరిగ్గా ఆ చోటే అంగన్‌వాడీ కట్టడానికి ముగ్గు పోశారు. అది తెలిసి అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. షిఫ్టుకు దిగే ముందు నాయన వాళ్ళు షాఫ్టు దూలానికి కుంకుమ బొట్టు పెట్టేవాళ్ళు. ఆయన పోయాక, మోకాళ్ళు సహకరించినంత కాలం, శుక్రవారం శుక్రవారం ఆ పలకకు అమ్మే బొట్టు పెట్టి వచ్చేది. తర్వాత దాని మీద మట్టి పోసి చదును చేశారు.

అమ్మను ఆఫీసుకు తీసుకుపోయాను.

"పిల్లోళ్ళని ఆ తావులోనా సార్ కూర్చోబెట్టేది? కింద అంతా తొర్రే ఉండాది. ఈ కండ్లతో చూసినాను" అంది.

ఇప్పటి ఆఫీసరు పటం చూపించాడు. "ఇందులో యాడుందమ్మా? మీ కూతురు గీసిందే కదా ఇది?"

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదేనని చెప్పాను. నోటి మాట పనికిరాదు, కాగితం కావాలన్నాడు.

మర్నాడు పొద్దున పదకొండుకు, తప్పు ఒప్పుకుంటూ రాసిన అర్జీకి జత చేద్దామని ఆ పటాన్ని నలుపు తెలుపులో స్కాన్ చేశాను. తెర మీద, షాఫ్టు ఉండాల్సిన చోట, ఎర్రటి చుక్క. కాగితం మీద ఏమీ లేదు. స్కానర్ అద్దం తుడిచాను. పటాన్ని తలకిందులుగా పెట్టాను. చుక్క కూడా పటంతో పాటే తిరిగింది. పక్క సీటు ఆవిడ తన మెషీన్‌లో వేసి చూసింది. అక్కడా అంతే.

ఆఫీసరు చాలాసేపు చూశాడు. వెంటనే జేసీబీ పంపించాడు. మూడడుగుల మట్టి కింద పలక బీటలు వారి ఉంది. సందులోంచి రాయి వదిలితే కింద పడిన చప్పుడే రాలేదు.

అంగన్‌వాడీని వేరే చోటికి మార్చారు. ఆ తర్వాత ఎన్నిసార్లు స్కాన్ చేసినా చుక్క రాలేదు. అదెలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కానీ నాకు ఒళ్ళు మండేది దానికి కాదు. మా అమ్మ ఎదురుగా నిలబడి చెప్తే ఒక్కరూ నమ్మలేదు. ఎవరు పెట్టారో తెలియని చుక్కను మాత్రం ఆ పూటే నమ్మారు.