తాళం జేబులో వేసుకునే మావయ్య

ఆరోజు పొద్దున్నే పర్సుడీహ్ నుంచి అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్య పోనాడే" అంది. ఆదిత్యపూర్‌లో మా ఇంటినుంచి అక్కడిదాకా ఎలా వెళ్ళానో తెలీదు. పదిరోజులైంది. ఏం చెయ్యాలో తోచక ఇది రాస్తున్నాను.

మావయ్య ఉక్కు కర్మాగారంలో క్రేన్ల ఫిట్టరు. యంత్రం కిందకి దూరేముందు, ఎవరూ పొరపాటున దాన్ని నడపకుండా, దాని తాళం జేబులో వేసుకోవడం అక్కడి పద్ధతి. "కింద మనిసున్నప్పుడు తాళం ఆడి జేబులోనే ఉండాలి" అనేవాడు. రిటైరయ్యాక కూడా అలవాటు పోలేదు. ఫ్యాను బాగుచేస్తానని ఇంట్లో ఫ్యూజు పీకి, జేబులో మరిచిపోయి, జుగ్సలాయి బజారుకి వెళ్ళిపోయేవాడు. అత్తయ్య సాయంత్రందాకా విసనకర్రతో విసురుకుంటూ తిట్టిపోసేది.

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. కిందటేడు అద్దె జీపులో ఇద్దరం కచ్ వైపు ఉప్పుబీళ్ళ అభయారణ్యానికి వెళ్ళాం, అడవి గాడిదల్ని చూడ్డానికి. గుడారం, నీళ్ళ డబ్బాలు, పనిముట్లు వెనక అరలో పెట్టి తాళం వేశాం. సీట్లకీ ఆ అరకీ మధ్య ఇనప జాలీ. రెండోరోజు ఎండ ముదిరేవేళ చక్రాలు దిగబడ్డాయి. పైన ఎండిన పెచ్చు, కింద బంకమన్ను. ఫోన్లకి సిగ్నల్ లేదు. మావయ్య పార తీసుకుని, వెనక తలుపు మూసి తాళం వేసి, ఆ తాళం జేబులో వేసుకుని జీపు కిందకి దూరాడు. గంటసేపు తవ్వినా లాభం లేకపోయింది.

దూరంగా ఉప్పు పండించేవాళ్ళ గుడిసెలు కనిపించాయి. "నువ్విక్కడే ఉండు. నానెల్లి ట్రాక్టర్ తెత్తాను" అని నడిచాడు.

మనిషి చుక్కంత అయ్యాక నాకు తాళం గుర్తొచ్చింది. అరిచాను. ఎవరికి వినబడుతుంది? సీసాలో రెండు గుక్కలున్నాయి. జాలీ అవతల నీళ్ళు కనబడుతున్నాయి. జాలీని తన్నాను, పారతో పొడిచాను, గోళ్ళు చిట్లేలా లాగాను. అది కదల్లేదు. చచ్చిపోతాననే అనుకున్నాను. మావయ్యని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆ తిట్లు ఇవాళ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మూడు గంటల తర్వాత తూలుకుంటూ ఒక్కడే వచ్చాడు. పెదాలు పగిలి మాట రాలేదు. తాళం నా చేతిలో పెట్టి, చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. కాసేపటికి వెనకే ట్రాక్టర్ వచ్చింది.

ఈయనకి పిచ్చెక్కిందేమోనని, మొరాయిస్తున్న ట్రాక్టర్ స్టార్టవగానే వెంటపడి వచ్చానన్నాడు ట్రాక్టరతను, హిందీలో. మావయ్య గుడిసె దాకా వెళ్ళాడట. చెంబుతో నీళ్ళిస్తే అందుకున్నాడట. రెండో చేత్తో జేబు తడుముకుని, చెంబు కింద పెట్టేసి, ఒక్క గుక్కయినా తాగకుండా, ఆ ఎండలో మళ్ళీ వెనక్కి పరిగెత్తాడట.