పల్లంలో న్యూట్రల్: హైబ్రిడ్ కారులో నరసరావుపేట నుంచి రెంటచింతల దాకా

మా పాత డీజిల్ కారులో వెనక కూర్చుంటే బట్టలకు పొగ వాసన పడుతుంది. ముందు కూర్చుంటే పొగ గొంతులోకే వస్తుంది. రెండుసార్లు ఇంజన్ విప్పించాను, సైలెన్సర్ మార్పించాను. తగ్గింది గాని పోలేదు. నా భార్య సలోమి రోజూ కూర్చునేది ఆ ముందు సీట్లోనే. గురజాల దాటాక ఉన్న ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో ఆమె లెక్కల టీచరు. కిందటేడు అక్కడికి బదిలీ అయింది. నాకు నరసరావుపేటలో మోటార్ల వైండింగ్ కొట్టు ఉంది, తమ్ముడూ నేనూ నడుపుతాం. గురజాల, రెంటచింతల వైపు బోరు మోటార్ల పిలుపులు నావి. పొద్దున ఆమెను బడి దగ్గర దింపి, పొలాలమ్మట తిరిగి, సాయంత్రం ఎక్కించుకుని వస్తాను. చలికాలం నుంచి ఆమెకు దగ్గు పట్టుకుంది. డాక్టరు ఊపిరితిత్తులు చూసి, పొగకు దూరంగా ఉండమన్నాడు. బడి ఆవరణలో టీచర్లకు క్వార్టర్స్ ఉన్నాయి. ఆడవాళ్ళకే. సోమవారం నుంచి శనివారం దాకా అక్కడే ఉంటే ఎలా ఉంటుందని ఆమె ఒకరోజు అన్నం తింటూ అడిగింది. గురజాలలో ఇల్లు తీసుకుందామన్నాను. సాయంత్రాలు తమ్ముడొక్కడే కొట్టు ఎట్లా చూస్తాడంది. ఆ మర్నాడే కారు మార్చే సంగతి మొదలుపెట్టాను.

పాత కార్లు అమ్మిపెట్టే బాషా మా కొట్టుకు నాలుగు కొట్ల అవతల ఉంటాడు. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారొకటి తన దగ్గరికి వచ్చిందని, మూడేళ్ళ బండి అని, పన్నెండు లక్షలకు ఇప్పిస్తానని చెప్పాడు. కొత్తది కొనాలంటే ఇరవై లక్షలు దాటుతుంది. అది మాకు కుదరదు. ఒకరోజు నడిపి చూస్తానంటే ఒప్పుకున్నాడు. "చూడన్నా, సాయంత్రం ఆరుకల్లా ఏదో ఒకటి చెప్పు. చిలకలూరిపేట పార్టీ డబ్బులు జేబులో పెట్టుకుని కూసున్నాడు" అన్నాడు. బాషా దగ్గర ఏ బండికైనా చిలకలూరిపేటలో ఒక పార్టీ ఉంటాడు. అయినా ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

శుక్రవారం పొద్దున ఆరుంబావుకు బయలుదేరాం. స్టేషన్ రోడ్డు బంకులో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాను. గురజాలలో మళ్ళీ నింపితే ఎంత తాగిందో తేలుతుంది. బటన్ నొక్కితే తెర వెలిగింది గాని శబ్దం లేదు. స్టార్టు కాలేదనుకుని ఇంకోసారి నొక్కితే ఆగిపోయింది. సలోమి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఊళ్ళో ఆటోల మధ్య, కూరగాయల బళ్ళ మధ్య పోతున్నంతసేపూ ఇంజన్ దాదాపు మాట్లాడలేదు. బ్యాటరీ మీదే నడిచింది. ఊరు దాటి పిడుగురాళ్ళ రోడ్డు ఎక్కాక ఇంజన్ లేచింది. తెర మీద ఒక బొమ్మ ఉంటుంది. ఇంజను, బ్యాటరీ, చక్రాలు, వాటి మధ్య గీతలు. శక్తి ఎటు పోతే గీత అటు పాకుతుంది. నాకు రోడ్డు కంటే ఆ తెర మీదే ధ్యాస ఎక్కువైంది. కిలోమీటరు కిలోమీటరుకూ సగటు మైలేజీ చూసుకుంటూ, తగ్గితే కాలు తీస్తూ, లారీ అడ్డమొస్తే మళ్ళీ తొక్కుతూ నడిపాను.

పిడుగురాళ్ళ ఇవతల రాళ్ళ లారీలు మొదలవుతాయి. రోడ్డు పక్క చెట్ల ఆకులు తెల్లగా ఉంటాయి. సున్నపు బట్టీల దుమ్ము. ఏడున్నరకు ఊరి మొదట్లో కోటమ్మక్క ఇడ్లీ బండి దగ్గర ఆగాం. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు అక్కడ తినొచ్చు, రెండు ప్లేట్ల ఇడ్లీ, రెండు టీలు వంద లోపే. కోటమ్మక్క మా పాత బండిని ఎరుగును. కొత్తదాని చుట్టూ తిరిగి చూసి, "ఏంది అబ్బాయ్, ఎవరిది?" అంది. పొగ తక్కువ, పెట్రోలు తక్కువ అని చెప్పాను. ఆమె గరిటెతో రోడ్డు మీది లారీల వైపు చూపించింది.

"అయ్యన్నీ పొగ తోలతుంటే నువ్వొక్కడివి ఆపితే పల్నాడు చల్లబడుద్దా?"

టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు నవ్వారు. ఆమె అన్నది అబద్ధం కాదు.

"చల్లబడదు అక్కా" అంది సలోమి. "అయి బయటున్నాయి, అద్దం ఎత్తుకుంటే సగం ఆగిద్ది. మా బండి పొగ నా ఒళ్ళోకే వస్తంది. నాకు దాని సంగతే కావాలి."

"అట్టా చెప్పు మరి. ఈయన దేశాన్ని బాగుచేసేటట్టు చెబుతుండాడు" అని కోటమ్మక్క ఇంకో ఇడ్లీ వేసింది.

పిడుగురాళ్ళ దాటాక రోడ్డు కొంచెం లేస్తూ దిగుతూ పోతుంది. వాగుల మీద వంతెనలున్న చోట చిన్న చిన్న పల్లాలు. అక్కడ నాకో అలవాటు ఉంది. పల్లం రాగానే గేరు న్యూట్రల్‌లో వేసి బండిని దాని మానాన వదిలేస్తాను. మా నాన్న పత్తి లారీ నడిపేటప్పుడు చూసి నేర్చుకున్నది. మా వైపు డ్రైవర్లలో సగంమంది అంతే చేస్తారు. డీజిల్ మిగుల్తుందని నమ్మకం. హైబ్రిడ్‌లోనూ నా చెయ్యి దానంతట అదే వెళ్ళింది. మూడో వంతెన దగ్గర సలోమి తెర వైపు వేలు చూపించింది.

"ఏవండీ, మీరు ఆ కర్ర కదిలించినప్పుడల్లా ఈ పచ్చ గీత ఆరిపోతోంది."

"పల్లంలో బండి ఊరికే పోతది. పెట్రోలు తాగదు. పొదుపు అంటే అదే."

"నేను పొదుపు సంగతి అడగలా. గీత ఆరిపోతోందని చెప్పా."

ఎనిమిదిన్నరకు బడి గేటు దగ్గర దిగింది. వెళ్తూ వెళ్తూ, "ప్రిన్సిపాల్ మేడం ఇయ్యాల క్వార్టర్ తాళం ఇస్తానంది" అని చెప్పింది. నేను సరేనన్నాను.

గురజాల వెనక్కి వచ్చి ట్యాంకు నింపించాను. లీటరుకు పదిహేడు లోపే వచ్చింది. పాత డీజిల్ పన్నెండు ఇస్తుంది, కాబట్టి ఇది నయమే. కానీ ఇరవై దాటుతుందని బాషా పది మంది ముందు చెప్పాడు. డీజిల్ కంటే పెట్రోలు ధర ఎక్కువ. ఈ మైలేజీతో రోజుకు మిగిలేది చాలా తక్కువ. బంకు కుర్రాడు రశీదు ఇస్తుంటే నేను తాళం గురించి ఆలోచిస్తున్నాను. రెండూ ఒకదానికొకటి ఎట్లా ముడిపడ్డాయో తెలియదు. మైలేజీ తక్కువొస్తే కారు లేదు, కారు లేకపోతే ఆమె అక్కడే ఉంటుంది, అని మనసులో ఒక లెక్క పడిపోయింది.

రెంటచింతల పక్కన నాగయ్య బాబాయి మిరప చేలో బోరు మోటారు కాలింది. మార్చి నెలకే అక్కడ తొమ్మిది గంటలకు ఎండ మొహాన కొడుతుంది. దారిలో రైల్వే గేటు పడి పావుగంట ఆగాను. ఏసీ వేసి ఉంచితే, ఆగి ఉన్న కారులో ఇంజన్ తనంతట తాను లేస్తుంది, ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. అలవాటు లేనివాళ్ళకు ఏదో చెడిందనిపిస్తుంది. చెడలేదు, దాని పద్ధతే అది. చేను గట్టు మీద కారు ఆపి దిగిందాకా కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న బాబాయి నన్ను చూడలేదు.

"ఏందిరా, మోటారు కాలిందంటే పెళ్ళోళ్ళ కారేసుకొచ్చావు?"

"చూద్దామని తెచ్చా బాబాయ్. ఎట్టుంది?"

"ఎట్టుంటది, వచ్చినట్టే తెలవలా. నీ పాత బండి రెండు చేల అవతలుండగానే తెలిసేది. మీ పిన్ని టీ పొయ్యి మీద పెట్టేది. ఇయ్యాల టీ లేదు పో."

మోటారు పైకి లాగేసరికి పన్నెండయింది. ఇక్కడ ఇంకో సంగతి తేలింది. హైబ్రిడ్‌లో వెనక బ్యాటరీ ఉండటంతో డిక్కీ లోతు తక్కువ. బోరు మోటారు సన్నగా పొడవుగా ఉంటుంది. వెనక సీటు ఒకవైపు మడిచి, ముందు సీటు వంచి, గోనెపట్టా పరిచి ఐమూలగా పడుకోబెడితే పట్టింది. రెండు మోటార్లయితే పట్టవు. సామాను మోసే పని ఉన్నవాళ్ళు కొనేముందు ఆ సామానే పెట్టి చూసుకోవాలి. చేల మధ్య నుంచి మట్టిదారిలో వస్తుంటే మేకలు అడ్డం తొలగలేదు. నిదానంగా పోయేటప్పుడు ఈ బండి అలికిడి వాటికి చాలదు. హారన్ కొట్టుకుంటూ రోడ్డెక్కాను.

మధ్యాహ్నం బాషా ఫోన్ చేశాడు. పదిహేడు కూడా రాలేదన్నాను. "నువ్వు ఎట్టా నడిపావో ఏందో అన్నా. ఆరింటిదాకా ఆగుతా, తరవాత నన్ననొద్దు" అన్నాడు. సలోమి బడి వదలడానికి ఇంకా రెండు గంటలు గడవాలి. రెంటచింతలలో ఒక చెట్టు కింద కారు ఆపి అన్నం తిన్నాను. తిని కూర్చోలేకపోయాను. గురజాల దాకా వచ్చి, మళ్ళీ బడి దాకా వెళ్ళి, గేటు దాటి పోయి, వెనక్కి తిప్పుకుని వచ్చాను. వాచ్‌మన్ మూడోసారి చూసి, "ఎవరి కోసం?" అని అడిగాడు. రోజూ వచ్చేవాణ్ణే. కారు మారేసరికి గుర్తుపట్టలేదు.

నాలుగుంబావుకు సలోమి వచ్చింది. వెనక మోటారు ఉంది గాని, దాని కొస రెండు ముందు సీట్ల సందులోకి తిప్పి, ఆమె సీటు మళ్ళీ నిటారుగా చేసి ఉంచాను. ఆమె చేతిలో క్వార్టర్ తాళం ఉంది. దారం కట్టిన ఇత్తడి తాళంచెవి. సోమవారం చేరాలి, లేదా తిరిగి ఇచ్చెయ్యాలి, ఇంకో టీచరు అడుగుతోందట. మైలేజీ ఎంతొచ్చిందని అడిగింది. చెప్పాను. గురజాలలో పొద్దుటి బంకులోనే మళ్ళీ ట్యాంకు నింపించి బయలుదేరాం.

మొదటి పల్లం వచ్చింది. నా చెయ్యి గేరు మీదికి వెళ్ళేసరికి అక్కడ ఆమె టిఫిన్ సంచి ఉంది.

"ఇదేంది?"

"మన పేట దాకా అక్కడే ఉంటది. కాలిన మోటార్లు చుడతా బతుకుతారు. చక్రం మోటారును తిప్పితే ఏం పుట్టుద్దో మీకు నేను చెప్పాలా?"

అప్పుడు తట్టింది. పల్లంలో చక్రాలు కారులోని మోటారును తిప్పుతాయి, మోటారు కరెంటు పుట్టిస్తుంది, అది బ్యాటరీలోకి పోతుంది. న్యూట్రల్ వేస్తే ఆ దారి తెగిపోతుంది. పొద్దుటి నుంచి ప్రతి పల్లంలోనూ నేను పొదుపు చేస్తున్నాననుకుని, బ్యాటరీకి వచ్చేదాన్ని నేనే ఆపేశాను. ముప్పై ఏళ్ళుగా చేసే పని అదే అయినా, చేతికి మాత్రం మా నాన్న లారీయే తెలుసు. పచ్చ గీత చక్రాల దగ్గర్నుంచి బ్యాటరీ వైపు పాకుతుంటే ఇద్దరం చూశాం.

వాగు వంతెన దాటాక ఆమె అడిగింది. "మైలేజీ తక్కువొస్తే నన్ను అక్కడ దింపేద్దామనుకున్నారా?"

"నేనట్టా అన్నానా?"

"ఎట్టానూ అన్లేదు. ఉండమనీ అన్లేదు, పొమ్మనీ అన్లేదు. నోటితో చెప్పే మాటకి పొద్దుట్నుంచి బంకుల చుట్టూ తిరుగుతున్నారు."

ఎదురుగా రాళ్ళ లారీ వస్తోంది. దానికి దారిచ్చాను. "అక్కడికి పోవద్దు" అన్నాను.

"బండి సంగతి?"

"ఇది కాకపోతే ఇంకోటి. పొగ లేనిది చూద్దాం. నువ్వు మాత్రం పోవద్దు."

ఆమె తాళంచెవి టిఫిన్ సంచిలో వేసింది. పిడుగురాళ్ళ వచ్చేసరికి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆ రోడ్డు మీద ఆమె దగ్గకుండా నిద్రపోయి చాలా నెలలైంది. కోటమ్మక్క బండి దగ్గర ఆపలేదు.

ఆరుకు కొంచెం ముందు నరసరావుపేటలో నింపిస్తే లీటరుకు ఇరవై ఒకటి వచ్చింది. అంతా న్యూట్రల్ వల్లేనని అనను. పొద్దున నేను అదరాబాదరాగా తొక్కాను, సాయంత్రం ఎండ తగ్గి ఏసీకి పని తగ్గింది. కొట్టు దగ్గర బాషా నిలబడి ఉన్నాడు. "ఎంతిచ్చిందన్నా?" అన్నాడు. చెబితే, "మరి పొద్దున పదిహేడు కూడా రాలేదన్నావు?" అని నా మొహంలోకి చూశాడు. "పొద్దున వేరే డ్రైవరు" అంది సలోమి. చిలకలూరిపేట పార్టీ మాట మళ్ళీ రాలేదు.

కారు తీసుకున్నాం. సోమవారం తాళంచెవి ప్రిన్సిపాల్ మేడం బల్ల మీదికి చేరింది. మాలాగా కారు చూసేవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాలి. రోజుకు నూట యాభై కిలోమీటర్లు తిరిగే నాకు మూడు నాలుగు వందలు మిగులుతున్నాయి. ఆ లెక్కన ఖరీదు వెనక్కి రావాలంటే ఏళ్ళు పడుతుంది. వారానికి ఒకసారి తిరిగేవాళ్ళకు ఎప్పటికీ రాదు. పొగ ఒక్కటే బాధైతే చిన్న పెట్రోలు కారు సగం ధరకు వస్తుంది, అదీ చూసుకోండి. ఊళ్ళో ఆగి ఆగి నడిచేవాళ్ళకు హైబ్రిడ్ ఎక్కువ లాభం, ఖాళీ రోడ్డు మీద తక్కువ. పల్నాడు గాలి మా వల్ల బాగుపడిందని నేను అనుకోను. బట్టీలు అక్కడే ఉన్నాయి, లారీలు అక్కడే ఉన్నాయి, సలోమి దగ్గు తగ్గింది గాని పోలేదు. గురజాల వైపు ఎప్పుడు బయలుదేరినా అద్దాలు ఎత్తుకునే పిడుగురాళ్ళ దాటుతాం. మైలేజీ అంకె చూసి ఒక మనిషి ఇంట్లో ఉండాలో వద్దో తేల్చబోయాను. అది అంకె చెప్పే సంగతి కాదు.

మీరు హైబ్రిడ్ నడిపి చూసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: పల్లంలో న్యూట్రల్ వేయకండి, గేరు డి లోనే, అంటే డ్రైవ్‌లోనే, ఉంచి కాలు తీసేయండి. చదివితే తేలికే. నా చెయ్యి ఇప్పటికీ ప్రతి వంతెన దగ్గరా కదులుతుంది. అందుకే సలోమి టిఫిన్ సంచి ఇప్పటికీ అక్కడే ఉంటుంది.