తొమ్మిదిసార్లు వెనక్కి తిరిగిన పడవ

సముద్రంలో మునగడం నేర్పడానికి వచ్చిన మనిషి, మూడు నెలలపాటు ఒక్కరినీ సముద్రంలో దిగనివ్వకపోతే మీరైతే ఏం చేస్తారు? నేను న్యాయశాస్త్రం చదివినదాన్ని కనుక నోటీసు రాశాను.

ఆ మనిషి పేరు గణపతిరావు. బొబ్బిలివాడు. ఓడల అడుగులు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లు నీటి కిందే గడిపాడు. ఒడ్డున ఆయన ఆరోగ్యం ఉక్కు. రెండు గాలి సిలిండర్లను చెరో చంకలో పెట్టుకుని ఇసుకలో నడిచేవాడు. పడవెక్కి అరగంట గడిచిందా, ఆ ఉక్కుకు ఎక్కడో ఒకచోట తుప్పు పట్టేది.

"ఈవేళ దిగడం లేదర్రా."

"ఏటయింది మావా?" అని నేర్చుకునే పిల్లలు అడిగేవారు.

"మోకాలు సలుపుతున్నాది. లక్ష్ముడూ, పడవ తిప్పు."

లక్ష్ముడు పడవ నడిపేవాడు. మొదటిసారి జాలిపడ్డాడు. రెండోసారి మాస్టారికి ఎక్కిళ్లు వచ్చాయి. మూడోసారి పన్ను. నాలుగోసారి, మీసం కొత్తగా కత్తిరించడంవల్ల అద్దాల తొడుగులోకి నీరు వస్తుందన్నాడు. అయిదోసారి, భార్య పద్మకుమారి చేసిన ఉప్మా ఇంకా అరగలేదన్నాడు. ఆ ఉప్మా తిన్నది ముందురోజు ఉదయమని విచారణలో తేలింది. విచారించినది నేనే. ఏడోసారికి లక్ష్ముడు ఇంజను పూర్తిగా ఆపడం మానేశాడు.

"ఈ రోజేటి మాస్టారూ, జుట్టు నొప్పా?"

"ఎలా తెలిసింది రా నీకు? లాగేస్తన్నాది."

కళింగపట్నానికి ఎగువనున్న ఒక చేపలపల్లె యువజన సంఘంలో ఆరుగురు ఈ విద్య నేర్చుకుంటున్నారు. తీరానికి కొద్ది దూరంలో ఒక పాత ఓడ మునిగి ఉంది. దాన్ని చూడవచ్చే యాత్రికులకు దారి చూపే ఉద్యోగాలు కొత్తగా పడ్డాయి. ధ్రువపత్రం ఉన్నవారికే ఆ ఉద్యోగం. ఈతకొలనులో ఆరుగురూ అన్ని పరీక్షలూ నెగ్గారు. సముద్రపు మునక ఒక్కటే మిగిలింది. పద్దెనిమిదేళ్ల యమునకు ఈ ఉద్యోగం అందరికన్నా ఎక్కువ అవసరం. అది దొరక్కపోతే తల్లి సుభద్రమ్మ తలమీది చేపల గంప ఆమె తలమీదికి వస్తుంది.

సంఘానికి భద్రతా నిబంధనలు రాసిచ్చినదాన్ని నేను. మొత్తం నలభై ఒకటి. జంటగా తప్ప ఒంటరిగా దిగరాదు, జలుబు ఉంటే దిగరాదు, నీటి కింద ఊపిరి బిగబట్టరాదు, బుడగలకన్నా వేగంగా పైకి రారాదు. నాకు అన్నిటికన్నా గర్వకారణం పదిహేడవది: ఏ సభ్యుడైనా, ఏ దశలోనైనా, కారణం చెప్పకుండా విరమించుకోవచ్చు. మూడు నెలల్లో ఆ నిబంధనను ఒక్కరూ వాడలేదు. యువత ధైర్యానికి అది రుజువని నా నివేదికలో రాశాను కూడా.

ప్రతిసారీ పడవలో కూర్చుని చూశాను. మాస్టారు ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి, భుజం పట్టీ బిగించి, చెవి దగ్గరకు వంగి ఏదో గొణిగేవాడు. ఆ తర్వాత రెండు నిమిషాలకు రోగం దిగేది. తొమ్మిదోసారి పడవ వెనక్కి తిరిగేసరికి నా సహనం పూర్తిగా ఖర్చయిపోయింది.

నోటీసులో పదకొండు అభియోగాలు పొందుపరిచాను. విధి నిర్వహణలో నిర్లక్ష్యం, యువత జీవనోపాధి హక్కుకు భంగం వగైరా. ఉప్మాకు ప్రత్యేకంగా ఒక పేరా కేటాయించాను. మొదటి సంతకానికి యమున దగ్గరకు తీసుకెళ్లాను. ఆమె రెండో పుట దాకా చదివి కలం కింద పెట్టింది.

"లాయరమ్మా, దీనిమీద నాను సంతకం పెట్టలేనండి."

"భయపడకు. చట్టం నీవైపుంది."

"అది కాదండి. మావ మోకాలికేటీ అవలేదు. ఆ రోజు భయమేసింది నాకు."

నాకు అర్థం కాలేదు. ఆమె నేలవైపు చూస్తూ చెప్పింది. "పట్టీ బిగిస్తా అడుగుతాడండి, 'దిగాలనుందా' అని. దిగాలని లేకపోతే అడ్డంగా తలూపాలి, అంతే. ఎవులికీ సెప్పడు. ఎక్కిళ్ల రోజు వినోద్‌కి జలుబు. పన్నునొప్పి రోజు ఎవులో నాకూ తెలీదు."

"పదిహేడవ నిబంధన ఉంది కదమ్మా. నోరు తెరిచి చెప్పవచ్చు కదా?"

యమున నన్ను చూసిన చూపులో జాలి ఉంది. "సేపలోలి పిల్ల సముద్రమంటే భయమని సెప్తే ఊరుకుంటారేటండి? మా పెదతాత ఒక్కపాలి అన్నాడట. సచ్చిపోయిన రోజు కూడా 'పిరికి అప్పన్న పోయాడు' అనే సెప్పుకున్నారు."

నలభై ఒక్క నిబంధనలు రాసిన నాకు తెలియనిది, ఒక్కటీ చదవని మనిషికి తెలిసింది. నోటీసు ఇంకా తపాలాలో పడలేదన్న సంగతి ఇచ్చినంత ఊరట, నా జీవితంలో పొందిన ఏ తీర్పూ ఇవ్వలేదు. పదకొండు అభియోగాలనూ నాలుగు ముక్కలు చేశాను. ఉప్మా పేరాను మాత్రం ఎనిమిది చేశాను.

మునకల కోసం పడవకిచ్చిన అనుమతి బుధవారంతో ముగుస్తుందనగా, ఆదివారం పదోసారి బయలుదేరాం. అలలు లేవు, నీరు తేటగా ఉంది. మాస్టారు వరసగా పట్టీలు బిగించాడు. యమున దగ్గర ఒక క్షణం ఎక్కువ ఆగాడు. తర్వాత నిటారుగా నిలబడి నడుం పట్టుకున్నాడు.

"నా నడుం..."

"నీ నడుముకేటీ అవలేదు మావా," అంది యమున, అందరికీ వినబడేలా. "నాకు జలుబు. సెవి దిబ్బడేసింది. నాను దిగను."

మిగతావాళ్లు ఆమెను చూసి నవ్వుతారని నేను పళ్లు బిగించుకున్నాను. ఆమె జంట వినోద్ తన అద్దాల తొడుగు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "అయితే నానూ దిగను. జంట లేకండా దిగకూడదు కదా. ఎక్కిళ్ల రోజు జలుబు నాదే, తెలుసా మీకు?"

"పన్నునొప్పి నాదిరా," అన్నాడు వెనకనుంచి త్రినాథ్.

"జుట్టునొప్పి ఎవులిది?" అని లక్ష్ముడు అడిగాడు. నవ్వులతో పడవ ఒక పక్కకు ఒరిగింది. మాస్టారు నడుం మీది చేయి తీయడం మరచిపోయి అలాగే నిలబడ్డాడు.

ఆ రోజు నలుగురు దిగారు, ఇద్దరేసి చొప్పున, మాస్టారి వెంట. బుడగలు పైకి వస్తున్నంతసేపూ నేను గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగు తలలూ క్షేమంగా నీటిపైకి వచ్చాక చూస్తే, నా వేళ్లు పడవ అంచును వదలడం లేదు. ఓడ దూలాల మధ్య చేపలు తమను చూసి పక్కకు కూడా తప్పుకోలేదని త్రినాథ్ ఫిర్యాదు చేశాడు.

ఒడ్డుకు చేరగానే యమునను డాక్టరుకు చూపించాం. మూడు రోజుల తర్వాత మళ్లీ చూసి, తగ్గితే దిగవచ్చన్నారు. అంటే బుధవారం, పడవ అనుమతికి ఆఖరి రోజు. బుధవారం బొబ్బిలిలో మాస్టారి కొత్త ఇంటి గృహప్రవేశం. వేళ్లమీద లెక్కవేసుకుని యమున ముఖం వాడిపోయింది.

మాస్టారు ఫోను తీశాడు. పద్మకుమారిగారి గొంతు మా అందరికీ వినిపిస్తూనే ఉంది.

"బుధవారం నాను రాను. ముహూర్తం మార్పించు."

"సుట్టాలు బయలెల్లిపోతన్నారు. పంతులికేటి సెప్పమంటావు?"

ఆయన యమునవైపు చూశాడు. ఆమె తలూపింది.

"మా పిల్లకి సెవి దిబ్బడని సెప్పు."

"మనింట్లో పాలు పొంగడానికీ, ఆ పిల్ల సెవికీ ఏటి సంబంధం?"

"బుధవారానికి తగ్గితే దిగుతాది, లేకపోతే మానేస్తాది. ఎలాగైనా నాను పడవలో ఉండాల," అన్నాడు గణపతిరావు. "పాలు వచ్చే నెల పొంగించుకుందాం."