ట్యాంకుకు అడిగిన కడవ నీళ్లు

బుక్కరాయసముద్రం చెరువు అడుగు బయటపడిన కరువు రోజులవి. మా ఆయనకు అనంతపురంలో మోటారు సైకిళ్లు బాగుచేసే అంగడి ఉండేది. అంగడి వెనకే కాపురం. బావిలో ఊరే నీటిని చెంబుతో తోడుకుని, రెండు కడవలు నింపుకొచ్చేసరికి నాకు పొద్దు నడినెత్తికెక్కేది.

పల్లెలు తిరిగి మందులిచ్చే కాంపౌండరొకాయన తన పాత మిలిటరీ మోటారు సైకిల్ తెచ్చాడు. యుద్ధంలో నడిచిన బండి. పెట్రోలు ట్యాంకు లోపలంతా తుప్పు. అడుగున బెజ్జాలు పడి కారుతోంది. అలాంటి ట్యాంకు ఇంకొకటి దొరకదు. మా ఆయన దాన్ని విప్పి, గులకరాళ్లు, కిర్సనాయిలు పోశాడు. చెరో కొసా పట్టుకుని చేతులు పడిపోయేదాకా ఊపాం. ఎర్రటి మడ్డి వచ్చింది. రెండు రోజులు ఎండబెట్టాడు. ఇక నిప్పు సెగతో సీసం కరిగించి బెజ్జాలకు మాటు వేసి, స్పిరిట్లో కరిగించిన లక్క లోపలంతా పట్టించాలి.

మాటు వేసే ముందు నా దగ్గరికొచ్చాడు.

"ఒక కడవ నీళ్లియ్యి. ట్యాంకు నిండా పోయల్ల. ల్యాకుంటే లోపలుండే గ్యాసు అంటుకుంటాది."

"తాగేకే నీళ్లు ల్యావు, తుప్పుడబ్బాకు పోస్తావా మామా? బిడ్డకు చూస్తే జొరం."

ఆయన కడవ వైపు కాసేపు చూశాడు. "సరేలే, ఎండకు ఆరిపోయింటాది" అని వెళ్లిపోయాడు.

నేను బిడ్డకు గంజి పడుతుండగా పేలింది. ట్యాంకు అతుకు విచ్చుకుని రేకు ఆయన ముఖాన్ని చీల్చింది. చొక్కా మండుతోంది. ఇవ్వనన్న కడవే ఎత్తుకొచ్చి ఆయన మీద కుమ్మరించాను.

ఒక కన్ను ఆ రోజే పోయింది. రెండోది నెల తిరిగేలోపు చీకటైంది. కట్లు కట్టడానికి రోజూ వచ్చిన కాంపౌండరు, "నా బండి వల్లనే గదమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పగిలిన ట్యాంకును వేరే మేస్త్రీ సరిచేసి, అతికించి ఇచ్చాడు. లక్క పని మాత్రం ఎవరికీ ఇవ్వద్దన్నాడు మా ఆయన. నేను పోసి తిప్పుతుంటే, చెవి దగ్గరపెట్టి వింటూ చెప్పాడు: "ఎడం పక్క చేరల్యా. ఇంకా వంచు." మిగిలిన లక్క ఒంపేసి ఆరబెట్టాం. చుక్క కారలేదు. కాంపౌండరు ఆ బండి మీదే మళ్లీ పల్లెలకు పోయాడు.

అంగడి మూసేశాం. నేను వేరుశెనగ మిల్లులో గింజలు ఏరే పనికి కుదిరాను. బిడ్డ బతికింది. చాలా ఏళ్లకు ఒకసారి ధైర్యం చేసి, "ఆపొద్దు నేను నీళ్లిచ్చింటే..." అన్నాను.

"ఇంకోసారి ఆ మాటెత్తద్దు" అన్నాడు.

క్షమించి అన్నాడో, క్షమించలేక అన్నాడో నాకు తెలియదు. అడగలేదు.