చెంబు పట్టుకుని వాకింగు

కరోనా తగ్గినప్పటి నుంచీ మా ఊరి కాలవ గట్టు మీద తెల్లవారకముందే జనం వాకింగుకు బయల్దేరుతున్నారు. వాళ్ళలో మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, గుండెకు స్టెంట్ వేయించుకున్నాక తెల్లటి బూట్లు తొడుక్కుని మా వాకిలి ముందు నుంచే చేతులూపుకుంటూ పోతుంటే, నేను కళ్ళాపి చల్లడం ఆపి లోపలికి వచ్చేస్తాను. మంచివారే. అయినా నేను మర్చిపోయే రకాన్ని కాను.

చికున్‌గున్యా వచ్చిన ఏడాది మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వినుకొండ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఒకరు మంచం మీద, ఒకరు గోడ పట్టుకుని. అంతకుముందు మిరప చేలో పొద్దస్తమానం నిలబడ్డ మా ఆయన, జ్వరం తగ్గినా కీళ్ళు వదలక నెలల తరబడి మంచానికే అతుక్కుపోయి, చివరికి లేచి నాలుగు మెట్లెక్కితే ఆయాసంతో కూలబడేవారు. డాక్టరు పరీక్షలు చేయించి, గుండె బలహీనపడిందనీ, మందులు వాడుతూ రోజూ పొద్దున్నే నెమ్మదిగా నడవాలనీ, కూర్చుంటే ముప్పనీ గట్టిగా చెప్పారు.

నడవడమేగా, ఎంత తేలిక అనుకున్నాం. కానీ ఆ రోజుల్లో మా ఊళ్ళో పనిలేకుండా రోడ్డు మీద నడిచే మనిషి లేడు. అవే కీళ్ళ నొప్పులతో కూలీలు కుంటుకుంటూ కాయ కోతకు పోతుంటే, ఆసామి చేతులూపుకుంటూ వాళ్ళకెలా ఎదురుపడతాడు? ఎదురైన ప్రతివాళ్ళూ ఎక్కడికని అడుగుతారాయె. అడగనిది బహిర్భూమికని చెంబు పట్టుకుని పోయేవాణ్ణి ఒక్కణ్ణే. అందుకని మా ఆయన చెంబునిండా నీళ్ళు పట్టుకుని కాలవ వంతెనదాకా నడిచి, నీళ్ళు అక్కడే పారబోసి తిరిగొచ్చేవారు. మెల్లగా మెట్ల దగ్గర ఆయాసం తగ్గింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో ఓరోజు మిరప కల్లంలో, తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఆడకూలీలందరి ముందూ మా బావగారు గొంతెత్తి, “ఏరా తమ్ముడూ, రోజూ వంతెనదాకా పోతున్నావంటగా? అంతదూరం ఆపుకోగలిగినోడికి రోగమేందిరా!” అన్నారు. కల్లమంతా ఘొల్లుమంది. ఒక ముసలామె జాలిపడి, “దానిమ్మ తొక్క కషాయం తాగయ్యా, ఇట్టే కట్టుద్ది” అంది. గుండె జబ్బు మనిషి అనిపించుకోవడం కన్నా కడుపు జబ్బే నయమనుకున్నారో ఏమో, మా ఆయన తలొంచుకుని, “తాగుతాలే పెద్దమ్మా” అన్నారు. పక్కనే ఉన్న నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఇంటిదారి పట్టాను.

మర్నాటి నుంచి ఆయన నడకకు గడప దాటలేదు. ఎంత బతిమాలినా, “నవ్వులపాలై నడవలేనే. చేలో పని మొదలైతే అదే సర్దుకుంటుందిలే” అనేవారు. సర్దుకోలేదు. మరుసటి ఏడు కోతలు పూర్తికాకముందే, ఒక పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే పోయారు. నడిచి ఉంటే దక్కేవారో లేదో డాక్టరు కూడా చెప్పలేకపోయారు. బావగారు తమ్ముడి మీద పడి ఏడ్చారు. కల్లంలో తానన్న మాట ఆయనకు గుర్తే లేదు. నాకు అక్షరం పోకుండా గుర్తుంది.

ఇప్పుడు డాక్టరు నన్నూ నడవమన్నారు. బావగారు వెనక్కి వచ్చేశాకే నేను గట్టెక్కుతాను. దారిలో ఎవరైనా ఎక్కడికత్తా అని పలకరిస్తే, “ఎక్కడికీ కాదమ్మా, ఊరికే” అంటాను. ఎంత చిన్న మాట! ఆ ఏడాది అది మా ఇద్దరిలో ఒక్కరి నోటా రాలేదు.