బూడిద కుందేలుకు మూర్ఛ వచ్చిన రోజు

మా నాయినకు వనపర్తిలో ఎరువుల దుకాణం ఉండేది. ఇటిక్యాల వైపు నుంచి వచ్చే ఒక రైతు కుందేళ్ల పెంపకం మొదలుపెట్టి, రెండేళ్లకే చేతులెత్తేసి, మిగిలిన వాటిని తెలిసినవాళ్లకు పంచేశాడు. అందులో ఒకటి అట్టపెట్టెలో మా ఇంటికొచ్చింది. "ఇది ఉత్త కుందేలు గాదు, చించిల్లా జాతి" అని నాయిన గొప్పగా చెప్పాడు. చించిల్లా అంటే ఎక్కడో చలికొండల్లో తిరిగే ఎలుకలాంటి జీవమట. దాని బొచ్చు రంగే దీనిదీ కాబట్టి ఆ పేరు పెట్టారట. మా వీధిలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. బూడిద రంగులో ఉంది కనుక బూడిద కుందేలు అన్నారు. నేను ముద్దొస్తే బిడ్డా అనేదాన్ని, కోపమొస్తే దొంగముండా అనేదాన్ని. ఎక్కువసార్లు కోపమే వచ్చేది. కనపడ్డ లంగా అంచునల్లా కొరికి పెట్టేది మరి!

అప్పుడు నాది తొమ్మిదో తరగతి. నాకు నోరెక్కువని బడిలో, ఇంట్లో, వీధిలో అందరూ అనేవారు. ఇంకో సంగతి మాత్రం తెలిసినా ఎవరూ అనేవారు కాదు. నాకు మూర్ఛలు వచ్చేవి. రోజూ మాత్రలు మింగుతున్నా రెండు మూడు నెలలకొకసారి పడిపోయేదాన్ని. బడికి పోకపోతే "కండ్లు తిరిగినయి" అని అమ్మ కబురు పంపేది. ఆడపిల్లకు మూర్ఛలున్నాయని బయటికి పొక్కితే రేపు ఎట్లా అని ఆమె భయం.

మా వైపు మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెడతారు. మా బీరువాకు ఉన్నవి రెండే తాళపుచెవులు. పక్కింటామెను ఖాలా అనేవాళ్లం, అంటే పిన్ని. ఆమె దగ్గర పెద్ద తాళాల గుత్తి ఉండేది. అమ్మ కేక వేస్తే గోడ మీదుగా అదే వచ్చేది. నలుగురు కలిసి నా కాళ్లూ చేతులూ అదిమిపట్టి గుత్తిని నా పిడికిట్లో కుక్కేవారట. నాకు తెలిసేది మాత్రం మెలకువ వచ్చాక మిగిలినవే. అరచేతిలో తాళపుచెవుల అచ్చులు, ముక్కు దగ్గర పెట్టిన ఉల్లిగడ్డ వాసన, ఒళ్లంతా రోకళ్లతో దంచినట్టు నొప్పి, నా మీదికి వంగిన మొహాలు. ఆ మొహాలంటే నాకు ఒళ్లు మండేది. "నేను ఎట్లుంటనే అప్పుడు?" అని అమ్మను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"ఏముంటది, పండుకున్నట్టుంటవు."

నమ్మాను. అమ్మ మాట నమ్మకపోతే ఇంకెవరిని పోయి అడగను?

ఆ మే నెలలో గద్వాలలో పెళ్లికి పోయి, ఒక రాత్రి ఉండి, మర్నాడు మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చాం. నాయిన బస్సు దిగి అటునుంచి అటే దుకాణానికి పోయాడు. నేను చెప్పులు కూడా విడవకుండా వెనక రేకుల వసారాలోకి ఉరికాను. కుందేలు పెట్టె అక్కడే వదిలిపెట్టి పోయాం. గిన్నెలో నీటి చుక్క లేదు. వేసిన ఆకు వేసినట్టే ఎండిపోయి ఉంది. అది నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది. చెవులు పట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టు కాలాయి. చల్లబడుతుంది కదా అని కుండలో నీళ్లు చెంబెడు తెచ్చి నెత్తిన గుమ్మరించాను. ఎంత తెలివి!

ఒక్క నిమిషమైనా అయిందో లేదో, దాని తల వెనక్కి విరుచుకుపోయింది. పక్కకు పడిపోయి నాలుగు కాళ్లూ టపటపా కొట్టుకోసాగింది. కళ్లు తేలేసింది. పళ్లు పటపటమన్నాయి. పడ్డచోటే ఉచ్చ పోసుకుంది. ఎప్పుడూ చూడకపోయినా, అది మూర్ఛేనని నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఖాలా! తాళాలు!" అని గోడ దగ్గరికి ఉరికాను. ఖాలా గుత్తి పట్టుకుని పరుగున వచ్చింది. ఎప్పుడూ కిందపడి ఉండే పిల్ల నిలబడి చెయ్యి చాచేసరికి ఆమె తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. గుత్తి లాక్కుని వచ్చి, ఒక చేత్తో కుందేలును నేలకు అదిమి, ఇంకో చేత్తో దాని కాలికి ఇనుము ఒత్తిపెట్టాను. ఒక్కొక్క తాళపుచెవి దాని పాదమంత ఉంది. నేను అదిమేకొద్దీ అది ఇంకా గింజుకుంది.

గడపలోంచి అమ్మ అరిచింది. "ఇడువే! ఇడిసిపెట్టు! నొస్తది దానికి!"

"మరి నాకు నొయ్యదా?" అన్నాను.

అనాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. అమ్మ అక్కడే గడప పట్టుకుని కూలబడింది. నేను చేతులు తీసేశాను. ఇంకాసేపు కొట్టుకుని కుందేలు దానంతట అదే ఆగింది. పిండి పడేసిన గుడ్డలాగా అయిపోయింది. చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. అమ్మయ్య, వేడి తగ్గిందనుకున్నాను. అమ్మ మాత్రం కొంగులో దాన్ని చుట్టుకుని, ఏడుస్తూనే వీధిలోకి పోయి ఆటో ఆపింది.

పశువుల దవాఖానలో డాక్టరు దాని పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు సున్నంలా తెల్లగా ఉన్నాయి.

"చెవులు ఇందాక కాలినయి సార్, ఇప్పుడు సల్లబడ్డయి" అన్నాను సంబరంగా.

"గది మంచిది గాదు పాపా. ఎండ దెబ్బకు మొదలు చెవులు కాల్తయి. గిట్ల సల్లబడి, చిగుళ్లు తెల్లబడి, మెడ నిలబెట్టకపోతే షాక్‌ల పడ్డట్టు. నీళ్లు గుమ్మరించిండ్రా? అట్ల పోయొద్దు. తడిగుడ్డతోని చెవులు తుడిస్తె సాలు." గోరువెచ్చని సెలైను దాని చర్మం కిందికి ఎక్కిస్తూ నా చేతిలో ఇంకా ఉన్న గుత్తిని చూశాడు. "దీన్ని అదిమి పట్టిండ్రా ఏంది? మూర్ఛ వచ్చినప్పుడు పట్టుకోవద్దు. తగిలేటియి పక్కకు జరిపి, సప్పుడు చెయ్యకుండ ఉండాలె. ఆగినంక వెంటనే తీస్కరావాలె."

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "మనుషులకు గూడ గంతేనా సార్?"

"ఎవరికమ్మా?"

మా వెనక బల్ల మీద ఇద్దరు మేకల్ని పట్టుకుని కూర్చున్నారు. అమ్మ వాళ్ల వైపు ఒకసారి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసేసింది.

"నా బిడ్డకు" అంది. వాళ్లకు వినపడేట్టుగానే అంది.

సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. కానీ అమ్మ చెయ్యి నా భుజం మీదే ఉంది. డాక్టరు సూది తీస్తూ అన్నాడు. "నేను పశువుల డాక్టర్నమ్మా. మనుషుల డాక్టర్నే అడుగు. గని అదిముడు, నోట్లె ఏమన్న పెట్టుడు ఎవ్వరికీ మంచిది గాదు. పక్కకు తిప్పి పండవెట్టు. జనాన్ని బయటికి పంపి నువ్వు పక్కన కూసో." కుందేలును మా చేతిలో పెడుతూ, "మాపటిదాంక సూడుండ్రి. దానంతట అది ఏమన్న తింటె బతికినట్టే" అన్నాడు.

ఇంటికొచ్చి వంటింట్లో నీడ పట్టున గోనెసంచి పరిచి పడుకోబెట్టాం. ముందు కొత్తిమీర కట్ట పెట్టాం. అది కళ్లు తెరిచే ఉన్నా మమ్మల్ని చూడటం లేదు. అమ్మా నేనూ చెరో పక్కన కూర్చున్నాం.

"పండుకున్నట్టుంటనంటివి గదా" అన్నాను.

"అబద్ధం చెప్పిన."

"గిట్లనే ఉంటనా?"

"గిట్లనే" అంది అమ్మ. "కండ్లు తేలేస్తవు. పెదవి కొరుక్కుంటవు. నా దిక్కే సూస్తుంటవు గని నన్ను సూడవు. గది చెప్పుమంటవా నీకు?"

కోపం రావాల్సింది. రాలేదు. ఇన్నేళ్లూ నేను నిద్రపోయాననుకున్న ఆ నిమిషాలన్నీ ఆమె కళ్లు తెరుచుకుని గడిపిందని నాకు అప్పుడు తట్టింది. పాపం అమ్మ.

పొద్దు వాలుతుండగా కుందేలు ముక్కు కదిలింది. తల ఎత్తలేక మెడ చాపి ఒక కొత్తిమీర రెమ్మను అందుకుంది. కాసేపు నోట్లోనే ఉంచుకుంది. తర్వాత నమలడం మొదలుపెట్టింది. నేను చప్పట్లు కొట్టబోయి ఆగి అమ్మ వైపు చూశాను. ఆమె వెక్కివెక్కి ఏడుస్తోంది.

"అది తింటుందే! బతికింది! ఇంకెందుకేడుస్తవు?"

"నువ్వు గూడ గింతే బిడ్డా" అంది కళ్లు తుడుచుకుంటూ. "మెలకువ రాంగనే ముందుగాల నన్ను తిడతవు. నీకు యాదుండదు. నన్నెందుకు పట్టుకున్నవే, పో అవతలికి అని అరుస్తవు. ఆ తిట్టు ఇనేదాంక నా పాణం పాణంల ఉండదు."

ఎప్పటిలా ఏదో ఒకటి గట్టిగా అనాలని నోరు తెరిచాను. ఏడుపే వచ్చింది.