సరోజక్క గుడ్లు, మూడు బకెట్ల ఉప్పునీళ్ళు

గుడ్డు పెంకు గట్టిదో కాదో ఇంట్లోనే ఎలా చూసుకోవాలని కోళ్ళు పెంచేవాళ్ళు అడుగుతుంటారు. నాకు ఆ పని ఒంటబట్టింది ఎనభైల్లో ఆళ్ళగడ్డకు చేసిన ఒక ప్రయాణంలో. అప్పట్లో నేను నంద్యాలలో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఆళ్ళగడ్డలో మా సరోజక్క కోళ్ళమీదే ఇల్లు నడుపుతోంది. గుడ్లు ఊరికే పగులుతున్నాయని, కోళ్ళు ముసలివై పెంకు పలచబడిందేమో చూసి చెప్పమని, అదే నిజమైతే అన్నీ కోతకు అమ్మేస్తానని కబురు పంపింది.

ఆదివారం పొద్దున ఏడు గంటల బస్సెక్కాను. సంచిలో మందం కొలిచే స్క్రూగేజి, ఒళ్ళో రాళ్ళుప్పు మూట. ఊరగాయకా అని డ్రైవరు అడిగాడు. గుడ్లకని చెబితే ఎగాదిగా చూశాడు. గంటన్నరకు ఆళ్ళగడ్డలో దిగి, నడిచి ఇల్లు చేరాను. అక్క చర్చి నుంచి వచ్చాక పని మొదలుపెట్టాం.

పద్ధతి తేలికే. మూడు బకెట్లలో ఉప్పు అంతకంతకూ ఎక్కువ కలిపి, గుడ్లను వరసగా ఒక్కోదాంట్లో వేసి చూడాలి. పెంకు మందంగా ఉన్నది చిక్కటి ఉప్పునీళ్ళలోనూ మునుగుతుంది, పలచనిది ముందే తేలుతుంది. అక్క బుట్టనిండా తెచ్చిన పెద్ద పెద్ద గుడ్లు మొదటి బకెట్లోనే తేలి కూర్చున్నాయి. కోళ్ళు కొనే మస్తానుకు అక్క కబురంపి, ఆ గుడ్లతోనే నాకు అట్టు వేయడానికి పొయ్యి దగ్గర కూర్చుంది. నా ప్రాణం ఉసూరుమంది.

ఊరికే ఉండలేక, ఆమె పగలగొట్టిన గుడ్డు పెంకు ముక్క తీసుకుని, లోపలి పొర ఒలిచి స్క్రూగేజిలో పెట్టాను. మందం భేషుగ్గా ఉంది. రెండో గుడ్డుదీ అంతే. ఇదేం చోద్యం! పెంకు ఇంత మందంగా ఉంటే గుడ్డెందుకు తేలినట్టు? ఇవి ఎప్పటి గుడ్లని అక్కను అడిగాను.

"వారం నుంచి ఎత్తిపెడతాండా లేప్పా. నువ్వొస్తావని పెద్దయి పెద్దయి ఏరిపెట్టినా."

నిలవ గుడ్డులో తడి ఆరి గాలి చేరుతుంది. పెంకు ఎంత గట్టిదైనా తేలుతుంది. నేనే వెళ్ళి, పొద్దున పెట్టిన గుడ్లు గూళ్ళలోంచి తెచ్చి వేశాను. మొదటి బకెట్లో మునిగాయి, రెండోదాంట్లోనూ మునిగాయి, మూడోదాంట్లో గాని తేలలేదు. మరి పగలడమెందుకో కూడా గూళ్ళ దగ్గరే తెలిసింది. పరిచిన ఊక అరిగిపోయి అడుగున నాపరాయి బయటపడింది. గుడ్డు నేరుగా రాతిమీద పడుతోంది.

అంతలో మస్తాను గంపలతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏందక్కా, ఇస్తాండావా లేదా?"

"ఇయ్యను పో మస్తానూ. నా కోళ్ళు బాగుండాయి," అంటూనే అక్క ఏడ్చేసింది.

తిరుగు బస్సులో అదే ఆలోచన. బకెట్ల తప్పేమీ లేదు. నామీద అభిమానం కొద్దీ అక్క తన కోళ్ళన్నిటినీ కోతకు పంపబోయింది. కోప్పడదామన్నా మనసు రాలేదు. నా కోసం వారం రోజులు గుడ్లు ఏరిపెట్టేవాళ్ళు ఇంకెవరున్నారు? మీరూ ఈ పరీక్ష చేయాలనుకుంటే ఆ రోజు పెట్టిన గుడ్లతోనే చేయండి. మీరంటే ప్రాణం పెట్టేవాళ్ళను అడక్కుండా, మీరే వెళ్ళి గూట్లోంచి తీసుకోండి.